ఘాటీ దిగే సైకిలుకు పచ్చికొమ్మ

“నలుగురే దిగినారు. అయిదోవోడేడి?”

“ఒత్తాడమ్మీ. ఇంకో అరగ్లాసు పొయ్యి.”

“టీ సంగతి తరవాత. మా ఆయనేడి బావా?”

“ఎనకాల ఒత్తాడని సెప్పినాను కదేటి. ఆడు ఈవేళ మా వరసలో లేడు.”

“వరసలో లేడంటే ఏటి? పొద్దున్న మీతోటే కదా ఎక్కినాడు? అయిదు సైకిళ్ళు ఎక్కితే నాలుగు దిగుతాయేటి? ఆకరి కొమ్మ పడకండా ఎవులూ గ్లాసు ముట్టుకోకూడదని నేమం ఎట్టినోడివి నువ్వే కదా! నాను బోరింగు కాడికెల్లి ఒచ్చీసరికి కెటిలు వొంచుకుని తాగేత్తన్నారా?”

“నేమం పచ్చికొమ్మ కట్టినోడికి, పైడీ. ఎండుకొమ్మ కట్టినోడికి కాదు. మూడు రోజుల్నుంచి సెప్తన్నాను, ఇంటేనా? నీ దారి నీది, మేం దిగీసినాక దిగు అని ఈవేళ ఒగ్గీసినాం. మా మాట ఇననోడు ఎవులి మాట ఇన్నాడో, ఒచ్చినాక ఆడినే అడుగు.”

ఆ చివరి మాటకి నా నోరు పడిపోయింది. గుక్క తిప్పుకునేంత సేపే. మళ్ళీ లేచినప్పుడు రెండింతలు లేచింది. మా బావ గౌరినాయుడి తండ్రినీ తాతనీ వాళ్ళున్న చోటునుంచి లేపి మరీ తిట్టాను. మిగతా ముగ్గురూ గ్లాసులు పట్టుకుని, తాగాలో మానాలో తెలియక గోడ పక్కన నిలబడ్డారు. వాళ్ళ కాళ్ళ దగ్గర నాలుగు పచ్చికొమ్మలు, ఆకులు నలిగి, తారు అంటుకుని పడి ఉన్నాయి.

ఈ తగువు జరిగి పదిహేనేళ్ళయింది. దాన్ని ఇప్పుడు తవ్వడానికి కారణం మొన్న ఆదివారం వచ్చిన పట్నం పిల్లలు. విశాఖపట్నం నుంచి సైకిళ్ళ మీద అనంతగిరి ఎక్కి, మళ్ళీ దిగి వెళ్ళే గుంపులు ఈమధ్య మొదలయ్యాయి. ఒంటికి అతుక్కుపోయే రంగు చొక్కాలు, నెత్తిన చిల్లుల టోపీలు, బొటనవేలంత సన్నటి టైర్లు. నేను వాళ్ళని చూసి మూతి తిప్పుకునేదాన్ని. బతుకు కోసం ఎక్కినవాళ్ళ రోడ్డు మీద సరదా కోసం ఎక్కుతున్నారు కదా అని. మొన్న ఏడుగురు దిగి మా పాక ముందు ఆగారు. ఇప్పుడు టీ పెట్టేది నా కోడలు, గ్యాసు పొయ్యి మీద. ఏడు గ్లాసులు పోసి పెట్టింది. ఒక్కరూ ముట్టుకోలేదు. అందరూ ఘాటీ రోడ్డు వైపే చూస్తున్నారు. టీ మీద మీగడ కట్టేస్తోంది. ఉండబట్టలేక, “ఆరిపోతంది, తాగండే. పంచదార ఊరికే ఒస్తందేటి?” అన్నాను. వాళ్ళలో ఒక ఆడపిల్ల, “ఇంకొకళ్ళు రావాలి అమ్మమ్మా. అందరూ దిగేదాకా తాగం, అది మా రూలు,” అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “మీ రూలూ మీరూను! తాగితే తాగండి, నేకపోతే పొండి,” అని అరిచి లోపలికి వెళ్ళిపోయాను. కోడలు బిత్తరపోయింది. మా అత్తకి బుర్ర తిరిగింది అనుకుని ఉంటుంది. తిరగలేదు. ముక్కూ మొహం తెలియని పట్నం పిల్లలు, ఆ రోడ్డు మీద ఒక్క పైసా సంపాదించనివాళ్ళు, ఎనిమిదోవాడి కోసం టీ చల్లార్చుకుంటున్నారు. నా సొంతవాళ్ళు, రక్తం పంచుకున్నవాళ్ళు, ఆవేళ అరగ్లాసు ఎక్కువ అడిగారు. ఆ కోపం పదిహేనేళ్ళుగా బూడిద కింద నిప్పులా ఉంది. ఆ పిల్ల వచ్చి ఒక్క మాటతో ఊదింది.

మాది కోట టౌను దగ్గర పల్లపు ఊరు. ఎకరం లోపు పొలం. అది తిండికి చాలక, పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన పనసకాయల బేరంలో దిగాడు. నేనూ మా అత్తా ఘాటీ మొదట్లో, రోడ్డు వంపు తిరిగే చోట, తాటాకు పాక వేసి టీ పెట్టేవాళ్ళం. అనంతగిరి చుట్టుపక్కల కొండ ఊళ్ళలో పనస విరగకాసేది. తెల్లారకముందే మా ఆయనా, ఆయన పెదనాన్న కొడుకు గౌరినాయుడూ, మరో ముగ్గురూ మా పాక దగ్గర టీ తాగి, ఖాళీ సైకిళ్ళు తోసుకుంటూ ఎక్కేవారు. ఎక్కేటప్పుడు ఎవరూ తొక్కరు, అంత ఎత్తు తొక్కితే గుండె నోట్లోకి వస్తుంది. దిగేటప్పుడు ఒక్కో సైకిలుకి అటు నాలుగు, ఇటు నాలుగు, పైన ఒకటి. ఆ బరువుకి రెండు మలుపులు తిరిగేసరికి బ్రేకు రబ్బర్లు కాలిన వాసన కొట్టేవి. అందుకని కొండ మీదే ఒక కొమ్మ నరికి, సైకిలు వెనక కేరేజీకి తాడేసి కట్టి, వెనకాల ఈడ్చుకుంటూ దిగేవారు. ఆ కొమ్మ రోడ్డుని పట్టుకుని సైకిలుని వెనక్కి లాగుతుంది. అదే అసలు బ్రేకు. వాళ్ళు దిగుతుంటే బర్రుమని ఒకటే చప్పుడు. మా అత్తకి చూపు ఆనకపోయినా ఆ చప్పుడు విని, “అయిదూ ఒత్తన్నాయి, గ్లాసులు కడుగు,” అనేది.

ఆ దారికి కొన్ని నేమాలుండేవి. ఏ కాగితం మీదా లేవు, ఏ పోలీసూ చెప్పలేదు. బరువుతో దిగేవాడికి ఖాళీగా ఎక్కేవాడు దారి ఇవ్వాలి. ఇవ్వడమంటే పక్కకి తప్పుకోవడం ఒక్కటే కాదు, ఎదటివాడు దాటేదాకా కదలకుండా నిలబడాలి. అందరికన్నా బరువున్నవాడు ముందు దిగాలి, వెనకవాడు వాణ్ణి దాటకూడదు. మలుపులో గులకరాళ్ళు కనబడితే ముందువాడు “ఇసకా” అని కేకేస్తాడు, ఆ కేక ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి చివరివాడిదాకా పోవాలి. ఒకడికి పంచరు పడితే అయిదు సైకిళ్ళూ ఆగాలి. కొమ్మ పచ్చిదై ఉండాలి, మణికట్టు లావు, ఆకులతో. ఇది కొండవాళ్ళు నేర్పిన నేమం. వీళ్ళకి కాయలమ్మే సోమ్రా అనే ముసలాయన ఏ చెట్టు నరకాలో చూపించి మరీ నరికించేవాడట, కాపుకొచ్చే చెట్టు జోలికి పోనిచ్చేవాడు కాదట. “పచ్చిది వొంగుతాది, ఎండుది ఇరుగుతాది,” అనేవాడట. పైగా ఎండుకొమ్మకి ఆకుండదు, బరువుండదు, తారు మీద ఎగిరెగిరి పడుతుంది తప్ప పట్టుకోదు.

దిగిన కొమ్మలు మా పాక ముందు పడేసేవారు. కొమ్మకి ఒక గ్లాసు టీ. అది నేను పెట్టిన నేమం. నా పొయ్యికి కట్టె అలా వచ్చేది, కట్టె కొన్న పాపాన పోలేదు. ఆఖరి కొమ్మ పడేదాకా ఎవరూ తాగకూడదన్నది గౌరినాయుడు పెట్టిన నేమం. వయసులో పెద్దవాడు, మీసం పెద్దది, మాట అంతకన్నా పెద్దది. ఆ మాట మీద అందరూ నడిచేవారు. నేనూ మెచ్చుకునేదాన్ని. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే మంట.

ఇక నా సంగతి. నేను మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. పొదుపు మాత్రం మా అత్త దగ్గర పై చదువు చదివాను. వాడేసిన టీపొడి ఎండబెట్టి మొక్కలకి వేసేదాన్ని. పనస బంక చేతికంటితే ఆముదం బొట్టు వేసుకుని, మిగిలిన జిడ్డు తలకి రాసుకునేదాన్ని. అగ్గిపుల్ల రోజుకి ఒక్కటి. రాత్రి నిప్పు బూడిదలో దాచి, పొద్దున్న ఊదుకుంటే అదీ అక్కర్లేదు. రెండో పుల్ల గీసిన చప్పుడు వినబడితే చాలు, అత్త లోపల్నుంచి, “ఏటే, ఈవేళ దీపావళేటి?” అనేది. ఎండాకాలం బాగానే ఉండేది, పచ్చికొమ్మలు పది రోజుల్లో పెళపెళలాడేవి. వానలు మొదలైతే కష్టం. పాక కారి బూడిదలో నిప్పు చచ్చేది. కొమ్మలు ఎండవు. పుల్ల మీద పుల్ల, కిరసనాయిలు, ఊది ఊది కళ్ళు మిరపపళ్ళు. టీలో పచ్చి మద్దికొమ్మ పొగ వాసన. బస్సులో వచ్చినవాళ్ళు ఒక గుక్క తాగి ఒలకబోసేవారు. అత్తకి దగ్గు.

ఒకనాడు మా ఆయన అన్నం తింటూ ఉండగా చెప్పాను, “రేపణ్ణుంచి ఎండుకొమ్మ తే.”

“ఎండుది కట్టకూడదే. నేమం.”

“ఏటా నేమం? ఈడ్సడానికి పచ్చిదైతే ఏటి, ఎండుదైతే ఏటి? రోడ్డుకి కళ్ళున్నాయేటి సూడ్డానికి?”

“గౌరన్న ఊరుకోడు.”

“మీ గౌరన్న ఒచ్చి నా పొయ్యి ఊదుతాడేటి? మీ యమ్మ దగ్గు ఇనబడతందా, నేదా?”

అత్త దగ్గు అన్నాను. మనసులో ఉన్నది అగ్గిపుల్లలే. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ ఇంట్లో నా మాటే చెల్లేది, అది నా గర్వం.

మర్నాడు ఎండుకొమ్మ వచ్చింది. ఒక్క పుల్లకి భగ్గుమంది. పొగ లేదు. “ఓలమ్మీ, ఈవేళ టీ టీలాగుంది,” అంది అత్త. గౌరినాయుడు ఆ కొమ్మని కాలితో తన్ని చూశాడు.

“ఇదెవులు తెచ్చినారు?”

“నానే అన్నా. పచ్చిది దొరకలేదు,” అన్నాడు మా ఆయన.

“అడవిలో పచ్చికొమ్మ దొరకలేదట్రా! సముద్రంలో నీల్లు దొరికినాయా?” అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను పొయ్యి ముందు తల వంచుకుని గరిటె తిప్పుతున్నాను. ఆ తల ఒక్కసారి ఎత్తి, నేనే తెమ్మన్నాను బావా, అని ఉంటే సరిపోయేది. గౌరినాయుడు నాలుగు చీవాట్లు పెట్టేవాడు, నేను నాలుగు తిరగేసేదాన్ని, మర్నాడు పచ్చికొమ్మ వచ్చేది. ఎత్తలేదు. రెండో రోజు ఎండుకొమ్మ. మూడో రోజు ఎండుకొమ్మ. ఏమీ జరగలేదు కదా అని నేను లోపల గెలిచినట్టే ఉన్నాను. నాలుగో రోజు నలుగురే దిగారు.

ఆవేళ నేను ఎంతసేపు తిట్టానో నాకు కొలత తెలుసు. పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు పెట్టి ఉన్నాయి, అవి సగానికి ఇగిరాయి. గౌరినాయుడు, “నువ్వు అరిసినంతసేపూ ఆడు దిగుతాడేటి, ఆగు,” అంటాడు. నేను, “ఎల్లి సూడు, పైకెల్లి సూడు,” అంటాను. అంటున్నాను గాని నా కాళ్ళూ కదల్లేదు, వాడి కాళ్ళూ కదల్లేదు. ముందు ఎవరు కదిలితే వాళ్ళది తప్పయినట్టు ఇద్దరం భీష్మించుకున్నాం. ఇంతలో అరకు నుంచి దిగే బస్సు వచ్చి, ఆగవలసిన చోటు కాకుండా మా పాక ముందే ఆగింది. కండక్టరు దిగి, “పైడమ్మా, ఈ మనిషి మీవోడేనా సూడు. టైడా దిగువ మలుపులో పడుంటే ఎత్తుకొచ్చినాం. రోడ్డంతా పనసకాయలే,” అన్నాడు. వెనక సీట్లో మా ఆయన పడుకుని ఉన్నాడు. కుడికాలు తొడ దగ్గర ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. చొక్కా మీద నెత్తురు అప్పటికే నల్లబడిపోయింది. అంటే మేం పౌరుషాలు చూపించుకుంటున్నంతసేపూ ఆయన ఆ మలుపులో ఒక్కడే పడి ఉన్నాడు. దారిన పోయే బస్సు ఎత్తుకొచ్చింది, వరసలోవాళ్ళు ఎత్తుకురాలేదు.

గౌరినాయుడు గ్లాసు కింద పెట్టి బస్సెక్కాడు, వెనకే నేనూ అత్తా ఎక్కాం. మా ఆయన కాలు కదలకుండా తన ఒళ్ళో పెట్టుకుని కోట ఆసుపత్రి దాకా కూర్చున్నాడు. ఆ మాట చెప్పకపోతే నేను మనిషిని కాను. దారిలో ఆయనకి తెలివి వచ్చింది. “కొమ్మ ఇరిగిపోనాదన్నా,” అన్నాడు. “ఎందుకు కట్టినావురా, సెప్పినా ఇనకండా?” అన్నాడు గౌరినాయుడు. ఆయన నావైపు చూశాడు. తరవాత కిటికీ వైపు చూశాడు. “బుద్ది నేక,” అన్నాడు.

ఆ కాలు నాలుగు వేళ్ళ వెడల్పు పొట్టిదయింది. ఆయన మళ్ళీ ఘాటీ ఎక్కలేదు. పాకలో ముక్కాలిపీట మీద కూర్చుని గ్లాసులు కడిగేవాడు. రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి పోయాడు. అన్నేళ్ళలో ఒక్కసారి, తాగి గాని, కోపంలో గాని, నీ మాట వినే కదే ఇలా అయిపోయాను అనలేదు. ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో అందరికీ ఆయన నేమం తప్పినవాడుగానే మిగిలిపోయాడు, నేను పాపం ఇల్లాలిగా మిగిలిపోయాను. మంచివాడంటారు ఆయన్ని. నాకు ఆ మంచితనం మీద కూడా కోపమే. ఒక్కసారి అనేసి ఉంటే నేను తిరిగి అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, తేలిపోయేది. అనకుండా ఆ బరువంతా నాకు అప్పగించి పోయాడు.

గౌరినాయుడి మీద కోపమైతే మా ఆయన పోయినా పోలేదు, ఆ ముసలాడు మంచమెక్కినా పోలేదు. తప్పు చేసినవాణ్ణి వరసలోంచి తీసెయ్యడం ఏం నేమం? పచ్చికొమ్మ కట్టినవాడికి వరసతో పనేముంది, వాడి కొమ్మే వాణ్ణి దింపుతుంది. వరస కావలసింది ఎండుకొమ్మ కట్టినవాడికే. ఆ సంగతి మొన్న ఆ పట్నం పిల్లల్ని చూశాక గాని నాకు తట్టలేదు. వాళ్ళ ఎనిమిదోవాడు చాలా ఆలస్యంగా దిగాడు, మోకాలు చెక్కుకుపోయి ఉంది. వద్దంటే మలుపులో జోరుగా తిప్పాడట, ఆ పిల్లే కోడలితో చెప్తుంటే లోపల్నుంచి విన్నాను. అందరూ తిట్టారు. తిట్టి, వాడి గ్లాసు వాడి చేతికిచ్చి, అప్పుడు తాగారు, చల్లారిపోయిన టీ. వెళ్ళేటప్పుడు ముందువాడు చెయ్యి వెనక్కి పెట్టి రోడ్డు మీద గొయ్యి చూపించాడు, వెనకవాడు తన వెనకవాడికి చూపించాడు. మన “ఇసకా” కేకే అది. కొండ మీద పుట్టిన మర్యాద కొండ దిగి ఎక్కడికి పోయిందో, పట్నం చుట్టి మా గుమ్మం ముందుకే వచ్చింది. ఇటు మన ఊరి కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళు తెచ్చుకుని మలుపులో లారీలని దాటుతున్నారు, కార్లవాళ్ళు రోడ్డు మధ్యలో ఆగి ఫోటోలు దిగుతున్నారు. వాళ్ళని తిట్టడానికి నాకు నోరుంది. ఆ పిల్లని తిట్టడానికి మాత్రం నాకు నోరుండకూడదు, అయినా తిట్టేశాను.

తగువు మర్నాడు ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. అత్తని ఆసుపత్రిలో ఆయన దగ్గర ఉంచి, టీకి పాలు వచ్చేస్తాయని నేను మొదటి బస్సుకి పాకకి వచ్చేశాను. వెలుగు రాకముందే నలుగురూ ఎప్పటిలాగే ఖాళీ సైకిళ్ళతో వచ్చారు. గౌరినాయుడు మా ఆయన కేరేజీ తాడు తెచ్చి నా ముందు పెట్టాడు. దాని కొసకి, కొమ్మ విరగ్గా మిగిలిన మూరెడు ఎండుమొద్దు ఇంకా కట్టే ఉంది. “సైకిలు మా ఇంటికాడ ఎట్టినాను,” అన్నాడు. నేను ముడి విప్పాను. తాడు చుట్టి మేకుకి తగిలించాను. మొద్దుని పొయ్యిలో పెట్టి పుల్ల గీశాను. ఒక్క పుల్లకే అంటుకుంది. పొగ రాలేదు. టీ కాచి నాలుగు గ్లాసులు పోశాను. ఎవరూ ముట్టుకోలేదు. కాసేపు నిలబడి, సైకిళ్ళు తోసుకుంటూ ఘాటీ ఎక్కిపోయారు. చల్లారిన టీ గిన్నెలో పోసి మళ్ళీ మరిగించి, రెండో బస్సు వాళ్ళకి అమ్మాను.